బిందె దించుకునే రింగు

మా ఇల్లు డెలానీపూర్ కింద కొండవాలులో ఉండేది. పోర్ట్‌బ్లెయిర్‌లో సమంగా ఉన్న నేల దొరకడమే గగనం. దొరికిన కాస్తలో ఆఫీసులూ క్వార్టర్లూ కట్టేశారు. మిగిలిన వాలులు మాలాంటి వాళ్లవి. చెక్క గోడలు, రేకుల కప్పు, కర్రల మీద నిలబెట్టిన వసారా. ఇప్పుడెవరైనా చుట్టపు చూపుగా వచ్చి ఆ వాలు కేసి చూసి "అబ్బ, ఎంత బాగుందో" అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లెవరూ నీళ్ల బిందెతో దాన్ని ఎక్కలేదు.

కుళాయి కింద రోడ్డు పక్కన ఉండేది. నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుతుండగా వచ్చేవి. రోడ్డు నుంచి ఇళ్ల దాకా ఉన్న దారిని అందరూ మెట్లు అనేవాళ్లు గానీ, అవి మెట్లు కావు. ఎవరో ఎప్పుడో మట్టిని తవ్వి, అంచుకి చెక్కముక్కలు అడ్డం పెట్టారు. చెక్క చీకిపోయింది, మట్టి వానకి కొట్టుకుపోయింది. సగం దారిలో కొండ మీది నీళ్లన్నీ దిగే నాలా ఒకటి, దాని మీద దాటడానికి ఒక పలక. మా దీవుల్లో ఏడాదిలో సగానికి పైగా వానే. ఆ పలక మీద పాచి ఎప్పుడూ పచ్చగానే ఉండేది. పబ్లిక్ సేఫ్టీ లాంటి పెద్ద మాటలు మాకు తెలీవు. "చూసుకుని దిగు" అనే మాట తెలుసు. గుమ్మం దాటే ప్రతి మనిషికీ ఇంట్లోంచి ఎవరో ఒకరు ఆ మాట చెప్పేవాళ్లు. అంతకు మించి మాకు ఎవరూ ఏ ఏర్పాటూ చెయ్యలేదు.

అమ్మ తెలుగు క్రైస్తవ సంఘంలో పాట ఎత్తుకునే మనిషి. హార్మోనియం లేకపోయినా ఫర్వాలేదు, అమ్మ లేకపోతే ఆరాధన మొదలయ్యేది కాదు. నీళ్లు మోసేటప్పుడు కూడా పాడేది. నడుం మీద బిందె, నోట్లో పాట. పలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాట ఆపేసేది. అవతలికి దాటాక ఆపిన చోటునుంచే మళ్లీ అందుకునేది. ఇంట్లో మంచం మీద పడుకుని వింటున్న నాకు, పాట ఆగడం, మళ్లీ రావడం, ఈ రెంటి మధ్యా ఊపిరి ఆడేది కాదు.

ఇక మావయ్య సంగతి. అమ్మకి సొంత అన్న కాదు. ఇద్దరూ చిన్నతనంలో విశాఖపట్నం నుంచి ఒకే ఓడలో, అడుగున అందరూ ఒక్కచోట పడుకునే బంకు క్లాసులో వచ్చారు. సముద్రం పోటెత్తి అమ్మకి వాంతులు పట్టుకుంటే ఆయన తన దుప్పటి కప్పి, నిమ్మకాయ చేతిలో పెట్టాడట. అంతే, ఆ రోజునుంచి ఆయన అన్నయ్య, ఆవిడ చెల్లెమ్మ. మా దీవుల్లో ఓడ చుట్టరికం అంటే రక్తసంబంధం కన్నా ఒక పిసరు ఎక్కువే. అమ్మమ్మా తాతయ్యా పోయాక అమ్మకి పుట్టింటి మనిషంటే ఆయనొక్కడే. ఆయన చదువుకుని ఓవర్సీరు అయ్యాడు. రోడ్లు, కాలువలు, మెట్లు చూసే ఆఫీసులో ఉద్యోగం. సంఘంలో పెద్ద కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా మా ఇంటికే భోజనానికి వచ్చేవాడు. చేప తలకాయ ఎప్పుడూ ఆయన కంచంలోనే పడేది. నాన్నకి తోక వచ్చినా నోరెత్తేవాడు కాదు.

ఆయన కూడా మా వాలు ఎక్కే వచ్చేవాడు. వచ్చి, బూట్లకి అంటిన బురద మా వసారా అంచుకి గీకేవాడు. ఒక ఆదివారం అమ్మ అది చూస్తూ, నవ్వుతూనే అడిగింది.

"అన్నయ్యా, నువ్వు ఆఫీసులో ఉండి కూడా మా మెట్లు ఇలాగే ఉంటే జనం ఏటనుకుంటారు?"

"ఏటనుకుంటారు చెల్లెమ్మా, అయిపోయింది కదా! సిమెంటు మెట్లు, ఇనప రెయిలింగు, నాలా మీద స్లాబు. శాంక్షన్ అయిపోయింది. నీకు సర్‌ప్రైజు ఇద్దామని చెప్పలేదు," అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అంత సంతోషం ఒక మనిషికి మెట్ల వల్ల వస్తుందని సమంగా ఉన్న నేల మీద పుట్టినవాళ్లు నమ్మరు.

ఇక్కడ మా సంఘం అలవాటు ఒకటి చెప్పాలి. ఏదైనా మేలు జరిగితే నలుగురినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టడం తెలుగు క్రైస్తవులందరిలోనూ ఉన్నదే. మా వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. మేలు జరగకముందే, జరుగుతుందన్న విశ్వాసంతో స్తుతి చెల్లించేసేవాళ్లు. ఉద్యోగం రాకముందే, బిడ్డ పుట్టకముందే. ఒకసారి స్తుతి చెల్లించాక దాని గురించి మళ్లీ అడగకూడదు. అడిగితే నమ్మకం లేనట్టు. అనుమానం పైకి అనకూడదు. అంటే దేవుణ్ణి అవమానించినట్టు. ఈ అలవాటు మా మావయ్యకి బాగా తెలుసు, సంఘ పెద్ద కదా.

"కృతజ్ఞత కూడిక పెట్టుకో చెల్లెమ్మా. విశ్వాసంతో చెల్లించు. పని దానంతటదే నడుస్తుంది," అన్నాడు.

పెట్టుకున్నాం. మా గుమ్మం ముందు చాపలు పరిచి, టీ, కేకు. వాలు మీది తెలుగు ఇళ్లన్నీ వచ్చాయి. అమ్మ పాడింది. మావయ్య కళ్లు మూసుకుని, చేతులు చాపి, ఆ చీకిపోయిన మెట్ల కేసి తిరిగి ప్రార్థన చేశాడు. కట్టబోయే ప్రతి మెట్టునీ దీవించాడు. మేమంతా ఆమెన్ అన్నాం. నేనైతే అందరికన్నా గట్టిగా అన్నాను.

నిజంగానే సామాను కూడా వచ్చింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కంకర, ఇసక కింద రోడ్డు పక్కన పోశారు. సిమెంటు బస్తాలు వానకి తడవకుండా మా వసారాలో పెట్టారు. మేం వాటి మధ్యనే ఒదిగి పడుకున్నాం, పండగలా. రెయిలింగుకి పైపులు కూడా వచ్చాయి. నాన్న ఓడల వర్క్‌షాపులో వెల్డరు. "బావా, నీ చెయ్యి పడితే ఆ పనే వేరు. దేవుడి పని అనుకుని చేసిపెట్టు," అన్నాడు మావయ్య. నాన్న ఆదివారాలూ సెలవులూ దానికే పెట్టాడు. ఆయన మాట తక్కువ మనిషి గానీ, చేతిలో పని ఉంటే ఎంతో ఆలోచించేవాడు. పెద్దవాళ్లకి పైన ఒక పైపు, పిల్లలకి అందేట్టు కింద ఇంకోటి పెట్టాడు. మలుపు దగ్గర రెయిలింగుకి ఒక గుండ్రటి రింగు అతికించాడు.

"అదేటి?" అంది అమ్మ.

"బిందె. దించుకుని ఊపిరి తీసుకోడానికి."

అమ్మ లోపలికి వెళ్లి తన జర్మన్ సిల్వర్ బిందె తెచ్చింది. నాన్న దాని పొట్ట కొలిచి రింగు వంచాడు. బిందె అందులో సరిగ్గా కూర్చుంది. అమ్మ తీసి పెట్టి, తీసి పెట్టి చూసుకుంది. నాన్న తల వంచుకుని నవ్వుకున్నాడు. మా ఇంట్లో అంతకన్నా ప్రేమగా ఎవరూ ఎవరికీ ఏమీ చేసి ఇవ్వలేదు.

రెయిలింగు రంగు వేయించి తెస్తానని మావయ్య పట్టుకెళ్లాడు. కొన్నాళ్లకి లారీ వచ్చి కంకర, ఇసక ఎత్తుకుపోయింది. ఆ తర్వాత మనుషులు వచ్చి మా వసారాలోంచి సిమెంటు బస్తాలు మోసుకుపోయారు. "ఇంకో చోట అర్జెంటు పని పడింది చెల్లెమ్మా. మనకి మళ్లీ కొత్త మెటీరియల్ వస్తుంది, పరేషాన్ అవకు," అన్నాడు ఆయన. అమ్మ పరేషాన్ అవలేదు. బస్తాలు మోసేవాళ్లకి టీ ఇచ్చింది.

వానలు మొదలయ్యాయి. మా పై ఇంట్లో రాంచీ నుంచి వచ్చిన ఆయన ఉండేవాడు, మేం భయ్యా అనేవాళ్లం. ఆయన, ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఆఫీసుకి వెళ్లి గట్టిగా అడుగుదామనుకున్నారు. భయ్యా మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"దీదీ, ఆప్ భీ చలో. ఆప్ బోలేంగీ తో సాహబ్ సునేగా."

అమ్మ వచ్చి చెప్తే సాహెబు వింటాడని ఆయనకి తెలుసు. అమ్మ వెళ్తే తెలుగు ఇళ్లన్నీ కదులుతాయనీ తెలుసు. అమ్మ మర్యాదగానే వద్దంది. "హమ్ తో ధన్యవాద్ దే చుకే, భయ్యా. ఇప్పుడు శికాయత్ ఎలా చేస్తాను?" అంది. స్తుతి చెల్లించేశాక ఫిర్యాదు చెయ్యకూడదన్నది ఆయనకి అర్థం కాలేదు. రాని మెట్లకి ధన్యవాదం ఏమిటని ఆయన మొహమే అడుగుతోంది. అమ్మ అక్కడితో ఆగలేదు. స్త్రీల కూడికలో మిగతా తెలుగు ఆడవాళ్లకి కూడా వెళ్లొద్దని చెప్పింది. ఎవరూ వెళ్లలేదు.

మాకు కావాల్సింది మెట్లు. మేం పట్టుకున్నది అన్నయ్యని. మా ఊరి కాలువలూ దారులూ దీపాలూ అన్నీ ఇలాగే ఎవరో ఒకరి అన్నయ్య మీదే ఆధారపడి ఉండేవి. ఆఫీసుకి వెళ్లి హక్కుగా అడగడం అమ్మకి మొరటుగా తోచింది. ఇంట్లో భోజనం పెట్టి అడగడం మర్యాదగా తోచింది.

వెళ్లినవాళ్లు తిట్లు తిని వచ్చారు. పెద్ద సాహెబు వాళ్లని కూర్చోమని కూడా అనలేదట. ఆ వాలు మీద తెలుగువాళ్లు ఎప్పుడో తృప్తి పడి పూజ కూడా చేసుకున్నారని మా ఓవర్సీరే చెప్పాడు, మీరెందుకు గోల చేస్తున్నారని అన్నాడట. భయ్యా ఆ మాట మా అమ్మకి చెప్పి వెళ్లిపోయాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "సాహెబు తప్పుగా విని ఉంటాడు. అన్నయ్య అలా అనడు," అంది. నాన్న బీడీ ఆర్పేసి లేచి వెళ్లాడు.

ఆ వానల్లోనే ఒకరోజు తెల్లవారుతుండగా పాట ఆగింది. మళ్లీ రాలేదు. దాని బదులు బిందె దొర్లుతున్న చప్పుడు వచ్చింది. రాయి రాయికీ తగులుతూ రోడ్డు దాకా వెళ్లింది ఆ చప్పుడు. నేను మంచం దిగేసరికి నాన్న అప్పటికే పరిగెడుతున్నాడు. అమ్మ నాలాలో పడి ఉంది. కాలు అటు తిరిగి ఉంది, ఇటు ఉండాల్సింది.

ఆ మెట్ల మీద మనిషిని చేతుల మీద దించడం కుదరదు. భయ్యా తన ఇంట్లోంచి బెత్తం కుర్చీ తెచ్చాడు. అమ్మని అందులో కూర్చోబెట్టి, చీరతో కట్టి, భయ్యా, ఆఫీసుకి వెళ్లి తిట్లు తిన్న ఆ మిగతా మగవాళ్లూ ఒక్కో అంగుళం చూసుకుంటూ దించారు. అమ్మ నొప్పికి అరవలేదు. వాళ్ల మొహాలు చూడలేక కళ్లు మూసుకుంది. అది నొప్పి వల్ల కాదని నాకు ఆ వయసులోనే తెలిసింది.

మావయ్య ఆస్పత్రికి హార్లిక్స్ సీసా, బిస్కెట్లు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాడు. దేవుడు చెల్లెమ్మని పరీక్షిస్తున్నాడని చెప్పాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ధైర్యం వచ్చినట్టే ఏడ్చింది.

కాలు అతికింది గానీ వంకరగా అతికింది. అమ్మ చేతికి కర్ర వచ్చింది. నీళ్లు మోయడం నా వంతు, నాన్న వంతు అయింది. అన్నిటికన్నా పెద్ద కష్టం, అమ్మ వాలు దిగలేకపోయింది. వానలు పోయేదాకా ఇంట్లోనే. ఆదివారం మేం సంఘానికి వెళ్తుంటే కిటికీ దగ్గర కూర్చుని, ఈపాటికి ఏ పాట పాడుతుంటారో లెక్క వేసుకుని ఒక్కతే పాడుకునేది. అక్కడ ఆరాధన మాత్రం ఎవరో ఎత్తుకుంటే మొదలైపోయేది. అది అమ్మకి నేను చెప్పలేదు. ఆదివారం భోజనానికి మావయ్య రావడం తగ్గించేశాడు. హోప్ టౌన్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడట, తీరిక లేదట. చేప తలకాయ ఇప్పుడు నాన్నకి వచ్చేది. ఆయన దాన్ని నా కంచంలో వేసేవాడు.

వానలు వెలిశాక గృహప్రతిష్ఠకి పిలవడానికి ఆయనే స్వయంగా వచ్చాడు. "నువ్వు పాట ఎత్తుకోకపోతే నా ఇంటికి ప్రతిష్ఠే కాదు చెల్లెమ్మా," అన్నాడు. అమ్మ పొంగిపోయింది. తెల్లచీర ఉతికించి, నా చేత గంజి పెట్టించింది. ఆ రోజు మళ్లీ బెత్తం కుర్చీ వచ్చింది. భయ్యా వాళ్లే కిందికి దించారు. "భాయీ కా ఘర్ హై," అన్నయ్య ఇల్లని వాళ్లకి గర్వంగా చెప్పింది. అబర్డీన్ బజార్ దాకా బస్సు, అక్కణ్ణుంచి జెట్టీకి, బోటులో అవతలి ఒడ్డుకి. చాలా నెలల తర్వాత అమ్మకి సముద్రపు గాలి తగిలింది. బోటంతా తనదే అన్నట్టు మాట్లాడింది.

హోప్ టౌన్‌లో ఆ ఇల్లు కొండ మీద ఉంది. రోడ్డు నుంచి దానికి సిమెంటు మెట్లు. నున్నగా, సమంగా, పచ్చరంగు రెయిలింగుతో. పైన ఆ ఇల్లు ఒక్కటే. కింద మాత్రం పబ్లిక్ మెట్లని బోర్డు పెట్టారు.

"ఎంత బాగున్నాయో," అంది అమ్మ. కర్ర నాకిచ్చేసి రెయిలింగు పట్టుకుంది. ఎవరి సాయం లేకుండా ఎక్కడం మొదలుపెట్టింది. కాలు విరిగిన తర్వాత అమ్మ ఒంటరిగా ఎక్కిన మొదటి మెట్లు అవి. ఎక్కుతూ సన్నగా పాట కూడా అందుకుంది. నేను వెనకాల ఎక్కుతున్నాను. నా చెయ్యి ఏమీ ఆలోచించకుండానే కింది పైపు మీద పడింది. సరిగ్గా నా ఎత్తుకి ఉంది. పిల్లల కోసం ఇంకో పైపు వెయ్యాలని ఎవరికి తోస్తుంది, నాన్నకి తప్ప?

మలుపు దగ్గర నాన్న ఆగిపోయాడు. రెయిలింగుకి రింగు ఉంది. అందులో రంగురంగుల ఆకుల క్రోటన్ మొక్క, కుండీతో సహా పెట్టారు. కుండీ రింగులో సరిగ్గా కూర్చోలేదు, పక్కకి ఒరిగి ఉంది. నాన్న అతుకు మీద బొటనవేలు పెట్టి రాశాడు.

అమ్మ పాట ఆగింది. "ఏటయ్యింది?" అంది.

"నాదే," అన్నాడు నాన్న.

అమ్మ రింగు కేసి చూసింది. పైన ఇంటి కేసి చూసింది. ఇంటి గోడ వెంబడి నీళ్ల పైపు లోపలికి వెళ్తోంది. ఆ ఇంట్లో ఎవరూ బిందె మొయ్యరు. నమ్మించి గొంతు కొయ్యడం అని అంటారే, అది ఎలా ఉంటుందో ఆ మలుపులో మా అమ్మ మొహంలో చూశాను. వెనక్కి వెళ్లిపోతుందనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకుని కిందికి తిరిగాడు. అమ్మ మాత్రం రెయిలింగు వదలకుండా పైకే ఎక్కింది.

హాలు నిండా జనం. పాస్టరు గారు ఇంటిని దీవించారు. అమ్మ పాట ఎత్తుకుంది, ఎప్పటిలాగే, ఒక్క అక్షరం తొణక్కుండా. తర్వాత దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు. మావయ్య అందరి ముందూ అమ్మ కేసి చెయ్యి చాపి, "మా చెల్లెమ్మ రెండు మాటలు చెప్తుంది," అన్నాడు.

అమ్మ కర్ర ఊతగా లేచింది.

"అందరికీ వందనాలు. ఇంటి గురించి పాస్టరు గారు చెప్పారు. మెట్ల గురించి ఎవరూ చెప్పలేదు, అది నేను చెప్తాను. ఈ మెట్లకి కృతజ్ఞత ప్రార్థన ఎప్పుడో అయిపోయింది. మా గుమ్మంలో చేశాం. అన్నయ్యే చేయించాడు, మీలో చాలామంది వచ్చి ఆమెన్ అన్నారు. రెయిలింగు మా ఇంటాయన చేతి పని. మలుపులో ఆ రింగు నా బిందె కొలత. మెట్లు ఇమ్మని దేవుణ్ణి అడిగాను. అవి ఇక్కడికి ఎలా వచ్చాయో దేవుడికీ తెలుసు, అన్నయ్యకీ తెలుసు. వీటికి నేను రెండోసారి స్తుతి చెల్లించలేను."

కూర్చోలేదు. గుమ్మం కేసి నడిచింది. వెనక పాస్టరు గారు గబగబా ఏదో పాట మొదలుపెట్టారు, ఎవరికీ శ్రుతి కలవలేదు. మా వాళ్లలో ప్రతిష్ఠకి వచ్చి భోంచెయ్యకుండా వెళ్లడమంటే తెగతెంపులే. అమ్మకి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

మావయ్య మలుపు దాకా పరిగెత్తుకొచ్చాడు. "చెల్లెమ్మా, ఆగు. పై నుంచి ఒత్తిడి వచ్చింది, నీకు తెలీదు. నీ మెట్లు నేను మళ్లీ శాంక్షన్ చేయిస్తాను. నలుగురిలో అలా అనెయ్యడమేనా?" అన్నాడు. ఆయన మొహంలో భయం ఉంది. సిగ్గు కోసం వెతికాను, కనపడలేదు.

నాన్న కుండీని రింగులోంచి తీసి మెట్టు మీద పెట్టాడు. అమ్మ ఖాళీ రింగు మీద చెయ్యి ఆనించి కాసేపు ఊపిరి తీసుకుంది.

"మీరు వెళ్లండి ఓవర్సీరు గారూ. పైన జనం ఉన్నారు," అంది.

తిరుగు బోటులో అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఓడలో ఆయన కప్పిన దుప్పటి గురించి ఒకే ఒక్క మాట అంది. "అది నిజంగానే కప్పాడు," అంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అబద్ధపు మనిషైతే పోనీలే అని సరిపెట్టుకోవచ్చు.

మా వాలు దగ్గరికి వచ్చేసరికి భయ్యా వాళ్లు కుర్చీ పట్టుకుని రోడ్డు మీదే ఎదురు చూస్తున్నారు. అన్న ఇల్లు ఎలా ఉంది దీదీ అని అడిగారు. అమ్మ కుర్చీలో కూర్చుని, చీర కొంగు తనే నడుం చుట్టూ కట్టుకుంది. కుర్చీ పైకి లేచింది. నాలా మీది పలక దాటారు.

"భయ్యా, ఈసారి మీరంతా ఆఫీసుకి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లండి, ముఝే భీ లే జానా," అంది అప్పుడు.

అంత దూరం ఎలాగన్నట్టు భయ్యా ఎగశ్వాసతోనే ఆగాడు. "కైసే, దీదీ? ఇత్‌నీ దూర్?"

"కుర్సీ హై నా," అంది అమ్మ.